ఒక మీటకు ఒక దాత

నేను ఒక కీబోర్డుని. చెబితేగానీ తెలియదు. ఒకప్పుడు నన్ను చూసినవాళ్ళు ఏదో ప్రారంభోత్సవం శిలాఫలకం అనుకునేవారు. ఇప్పుడు చూసేవాళ్ళు పిల్లల ఆటవస్తువు పాడైతే అల్మరా మీద పడేశారనుకుంటున్నారు. రెండూ నిజం కావు. అయినా నా గురించి నిజం తెలుసుకుందామని ఇంతవరకు ఎవరూ తల పైకెత్తలేదు కాబట్టి, నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

పుట్టింది ఎక్కడో సముద్రాల అవతల. నన్ను చేసినవాళ్ళు అక్షరాలు అచ్చు వేయడంలో ఎంత ఒడుపు చూపించారో, రంగు దగ్గర అంత పిసినారితనం చూపించారు. ఆ సంగతి అప్పట్లో నాకు తెలియదు. ఓడ దిగి, లారీ ఎక్కి, చివరికి గోదావరి పాయ పక్కనున్న చింతలవారి లంక చేరాను. ఆ ఊళ్ళో జ్ఞానోదయ పఠన మందిరం అని ఒకటుంది. పొద్దున్న పేపరు చదవడానికీ, మధ్యాహ్నం కునుకు తీయడానికీ, సాయంత్రం ఊళ్ళోవాళ్ళ గుట్టు విప్పుకోవడానికీ కట్టించిన పెంకుటిల్లు.

దాని అధ్యక్షులు సూర్యభాస్కరరావు గారు. రైసుమిల్లు ఓనరు. ఆయన తన తండ్రి జ్ఞాపకార్థం కంప్యూటర్ ఇచ్చారు. దాంతోపాటు నన్నూ ఇచ్చారు. నా వీపు మీద ఆ పెద్దాయన పేరు, 'కీ.శే.'తో సహా, ఎర్రరంగుతో రాయించారు. పాపం ఆ పెద్దాయన బతికినన్నాళ్ళూ సంతకం అక్కర్లేకుండా వేలిముద్రతోనే నెట్టుకొచ్చాడట. ఆ లెక్కన నాకంటే తగిన జ్ఞాపకం ఆయనకి దొరకదు. నా మీద పడేవన్నీ వేలిముద్రలే కదా.

ఆ మందిరంలో పేరు లేని వస్తువు లేదు. ఫ్యాన్ల రెక్కల మీద దాతల పేర్లుంటాయి. ఫ్యాను తిరిగితే పేరు కనపడదు కాబట్టి, దాత వచ్చిన రోజున ఎంత ఉక్కగా ఉన్నా ఫ్యాను ఆపేస్తారు. గోడగడియారం అద్దం మీద ఒక కుటుంబం మొత్తం ఉంది. వాళ్ళ చిన్నమ్మాయి పేరు అడ్డం రావడంతో మూడు దాటాక నాలుగున్నర దాకా టైము తెలియదు. మంచినీళ్ళ గ్లాసుకి గొలుసుంది, గొలుసుకి రేకుంది, రేకు మీద పేరుంది. గ్లాసు ఎత్తితే రేకు వచ్చి ముక్కుకి తగులుతుంది. దాహం తీర్చినవాడిని మర్చిపోకూడదని ఏర్పాటు.

నా దగ్గరికి చాలామంది వచ్చారు. ఆటలాడే కుర్రాళ్ళు, కరెంటు బిల్లు కట్టుకునేవాళ్ళు, ఎవరిమీదో ఆకాశరామన్న ఉత్తరం కొట్టుకునేవాళ్ళు. ఆ చివరి రకంవాళ్ళు నన్ను కసిగా కొట్టేవారు. ఏడాది తిరిగేసరికి నా అక్షరాలు అరగడం మొదలెట్టాయి. ముందు ఒకటి కాలు పోగొట్టుకుంది, ఇంకొకటి నడుము పోగొట్టుకుంది. ఆఖరికి గుండు చేయించుకున్న తలల్లా మిగిలాయి నా మీటలు. అప్పుడు వచ్చింది సత్యవేణి.

సత్యవేణి ఇంటర్ చదివి, పెళ్ళయ్యాక చదువు అటకెక్కించి, జాకెట్లు కుట్టుకునే మనిషి. మొగుడు ఏడుకొండలు కొబ్బరి దింపు తీసేవాడు. లంకలో అతనెక్కని చెట్టు లేదు. కొబ్బరి కొట్టు గన్నేశ్వరరావు గారి తోటలో వాన వెలిసిన వెంటనే ఎక్కమంటే ఎక్కి, జారి పడి, తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇక జన్మలో చెట్టెక్కకూడదన్నారు డాక్టర్లు. ఆసుపత్రి ఖర్చుకని సత్యవేణి గన్నేశ్వరరావు గారి గుమ్మం తొక్కితే, ఆయన చుట్ట పక్కన పెట్టి ఎంతో శాంతంగా, "చూడమ్మా, చెట్టు నాది, నిజవే. కాలు మీవాడిది కదా?" అన్నారట. ఆ న్యాయం ఊరంతా రెండ్రోజులు చెప్పుకున్నారు. మూడో రోజు మామూలే.

పక్క ఊళ్ళో పాల డైరీ ఉంది. కంప్యూటర్ మీద లెక్కలెక్కించడానికి ఒక మనిషి కావాలన్నారు. ఇంటర్ చాలు, కానీ టైపు పరీక్ష పెడతారు, కార్తీకమాసం వెళ్ళాక. ఆ ఉద్యోగం వస్తే ఇల్లు నిలబడుతుంది, రాకపోతే మిషను అమ్ముకోవాలి. ఇంతకంటే వేరే దారి లేక నా ముందు కూర్చుంది సత్యవేణి. చూపుడువేలు గాల్లో లేపింది. ఎక్కడ దించాలో తెలియలేదు. ఒక్క అక్షరం కనపడితే కదా?

నాకు సిగ్గేసింది. తిండిపెట్టలేని కంచంలా పడున్నాను ఆవిడ ముందు.

ఆవిడ చేసిన తప్పల్లా ఒకటే. మర్యాదగా కమిటీని అడిగింది. "బటన్ల మీద అక్షరాలు అరిగిపోయాయండీ. బజార్లో స్టిక్కర్లు దొరుకుతాయంట. అతికిస్తే సరిపోద్దండి" అంది.

కమిటీ కూర్చుంది. స్టిక్కర్ల ధర విని సూర్యభాస్కరరావు గారి మొహం చిన్నబోయింది. ధర ఎక్కువై కాదు, మరీ తక్కువై. "అంత చిన్నదానికి దాత ఎవడొస్తాడమ్మా? వచ్చినా బోర్డు మీద ఏమని రాస్తాం? ఫలానావారు స్టిక్కర్లిచ్చిరి అనా? నలుగురూ నవ్వరూ?" అన్నారు. పోనీ కొత్త కీబోర్డు కొందామా అన్నారు కార్యదర్శి పేరయ్య మేష్టారు. అధ్యక్షుల వారు నన్ను బోర్లా తిప్పి వీపు చూపించారు. "మా నాన్నగారిని చెత్తబుట్టలో పారేద్దామంటావా మేష్టారూ?" మేష్టారు లెంపలేసుకున్నారు.

అంచేత స్టిక్కర్లకి చిన్న ధర అడ్డమూ, కొత్త కీబోర్డుకి పెద్దాయన అడ్డమూ అయ్యి, ఆ సంగతి రెండు మీటింగులు నలిగింది. ఈలోగా వినాయకచవితి వెళ్ళిపోయింది. సత్యవేణి ప్రతి సాయంత్రం వచ్చి, నన్ను చూసి, వెళ్ళేది. మూడో మీటింగులో అధ్యక్షుల వారికి జ్ఞానోదయమైంది. మందిరం పేరు నిలబెట్టారు.

"ఒక మీటకు ఒక దాత!" అన్నారు బల్ల చరిచి. "అరిగిన ప్రతి మీటనీ ఒక్కో దాత ఉద్ధరిస్తారు. ఆ మీట మీద ఆయన పేరు. ఊరంతా కలిసి అక్షరదానం చేసినట్టు."

చప్పట్లు మోగాయి. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నాళ్ళకి నా మొహానికి మంచిరోజులొచ్చాయనుకున్నాను. పిచ్చిదాన్ని.

దాతలు ఎగబడ్డారు. స్టిక్కర్లకి రాని మనుషులు మీటలకి వరస కట్టారు. స్పేసు బారు అందరికంటే పొడుగు కాబట్టి అది అధ్యక్షుల వారిదే, దాని మీద చర్చ లేదు. ఎంటరు మీట మాజీ సర్పంచి పట్టుకున్నాడు, ఏ పనైనా ఆఖర్న తన దగ్గరికే రావాలని. షిఫ్టు మీటలు రెండున్నాయని తెలిసి, ఆస్తి పంచుకుని మాటలు మానేసిన అన్నదమ్ములకి చెరోటీ ఇచ్చారు. కుడివైపుది కాస్త పొడుగని తమ్ముడు కనిపెట్టాడు. అన్న టేపు తెమ్మన్నాడు. కొలిచారు. పొడుగే. ఆ రోజు మీటింగు అక్కడితో ముగిసింది. డిలీటు మీట ఎవరూ తీసుకోలేదు, అశుభమట. ఎస్కేపు మీట పాత కోశాధికారికి ఇద్దామని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. సభంతా నవ్వింది, ఆయన తప్ప.

అంతా అయిపోయాక గన్నేశ్వరరావు గారు లేచారు. కండువా సర్దుకుని, "నా పేరూ రాసుకోండి" అన్నారు. ఆ మాటకి ఊరు ఊరంతా పెదవి విరిచింది. ఆయన పేరు రాయించుకోవడమే గానీ చెయ్యి జేబులోకి వెళ్ళడం ఎవరూ ఎరగరు. రామాలయం గోపురానికి రాయించుకున్నారు, బడి ప్రహరీకి రాయించుకున్నారు. గోపురమూ లేచింది, ప్రహరీ లేచింది, ఆయన మాత్రం డబ్బు సంగతి రాగానే లేచి వెళ్ళిపోయేవారు. అయినా సభలో అన్న మాట కాబట్టి రాసుకున్నారు. అరిగిన మీటలన్నీ అప్పటికే పంచేశారు కాబట్టి, ఆయనకి దొరికింది పైవరసలో ఓ మూల ఉన్న స్క్రోల్ లాకు. అది దేనికో మీరు నన్నడక్కండి. నా ఒంటి మీదే ఉన్నా అదేం చేస్తుందో నాకూ తెలియదు.

పేర్లు రాయడానికి పడవలకీ, ఫ్యాన్లకీ రంగులేసే నూకరాజుని పిలిచారు. నూకరాజు ముందు నా మొహాన్ని థిన్నరుతో శుభ్రంగా తుడిచాడు, రంగు పట్టాలంటే అడుగు నున్నగా ఉండాలి కదా. దాంతో అక్కడక్కడా మిగిలిన అరకాలూ పావునడుమూ కూడా పోయాయి. తర్వాత సన్నని కుంచె తీసి, బియ్యపుగింజ మీద రాసినట్టు ఒక్కో మీట మీద ఇంటిపేరుతో సహా రాసుకుంటూ పోయాడు. మధ్యలో ఒక అనుమానం వచ్చి అడిగాడు.

"మరి అసలు అక్షరాలెక్కడ రాయమంటారండీ? ఏబీసీడీలు?"

అధ్యక్షుల వారు ఒక్క క్షణం ఆలోచించారు. నిజం చెప్పాలంటే ఆలోచించినట్టు కనిపించారు. "చోటుంటే రాయవయ్యా. లేకపోతే పోనీ. ఏబీసీడీలు అందరికీ వచ్చినవే కదా! దాతల పేర్లు ఎవరికి తెలుస్తాయి?"

చోటు లేదు.

ప్రారంభోత్సవం రోజున నాకు దండేశారు. రిబ్బను కత్తిరించారు. దాతలు ఒక్కొక్కరే వచ్చి తమ మీటని తామే నొక్కి ఫొటో దిగారు. అన్నదమ్ములిద్దరూ చెరో వైపు నుంచి నొక్కారు, ఒకరి మొహం ఒకరు చూడకుండా. జనం వెళ్ళిపోయాక సత్యవేణి వచ్చి నా ముందు కూర్చుంది. అక్షరాలు కనపడతాయని గబగబా దండ పక్కకి తీసింది. తీసి, ఒక్కో పేరూ చదువుకుంటూ పోయింది.

"ఊళ్ళోవాళ్ళందరూ ఉన్నారు" అంది మెల్లిగా. "నాకు కావలసింది తప్ప."

కళ్ళు తుడుచుకుంది. ఒక చుక్క మందుల షాపు మాణిక్యాలరావు గారి మీద పడింది. పరీక్ష దగ్గర పడుతోంది. నాకు నోరుంటే ఆ రాత్రే కమిటీ మీద నిప్పులు చెరిగేదాన్ని. ఉన్నదల్లా మీటలు, వాటి మీద వాళ్ళ పేర్లు.

మర్నాడు ఏడుకొండలు చంకకర్ర పొడుచుకుంటూ పెళ్ళాం వెనకే వచ్చాడు. ఇంట్లో మంచానికి అతుక్కుని ఉండలేకపోయాడో, ఆవిడ ఏడుపు చూడలేకపోయాడో. నా మీదకి వంగి పేర్లన్నీ చదివి పకపకా నవ్వాడు. మనిషి పడ్డాక అలా నవ్వడం అదే మొదలట, సత్యవేణే చెప్పింది.

"ఓసినీ! ఇయ్యన్నీ నేనెక్కిన తోటలే కదే! మాణిక్యాలరావు గారి దొడ్డి, ఆ పక్కన కరణం గారి దొడ్డి, ఆ పక్కన పౌల్ట్రీ పట్టాభి గారిది. నొక్కు సూద్దాం, ఎవర్ని నొక్కితే ఏం పడద్దో."

నొక్కింది. మాణిక్యాలరావు గారిని నొక్కితే తెర మీద ఒక అక్షరం పడింది. కరణం గారిని నొక్కితే ఇంకొకటి. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఊరు తిరిగినట్టు నా మీద తిరిగారు. తోటల వరస ఊళ్ళో ఒక రకం, నా మీద ఒక రకం. దానికీ అతనే ఉపాయం చెప్పాడు. "ఈ వరస కాలవగట్టు అనుకో. ఇది నడివీధి. కిందది రేవు. గట్టు మీంచి రేవులోకి ఎవర్ని తోసేశారో గుర్తెట్టుకో, సాలు."

నడివీధి అంటే నా మధ్యవరస. వేళ్ళు ఎప్పుడూ కాపురముండే వరస. అక్కడి నుంచి పైకో కిందికో వెళ్ళి, ఎవరో ఒకరి తల మీద మొట్టి, మళ్ళీ ఇంటికి రావాలి. అతను పక్కన కూర్చుని మాటలు చెబుతూంటే ఆవిడ కొట్టేది. 'పాలు' కొట్టాలంటే ఇంగ్లీషులో నలుగురు పెద్దమనుషుల నెత్తిన వేలెట్టాలి. 'వెన్న'కి మాజీ సర్పంచి గారి బావమరిదిని రెండుసార్లు పొడవాలి. మాటకీ మాటకీ మధ్య బొటనవేలితో అధ్యక్షుల వారి నడ్డి మీద ఒకటివ్వాలి. అలా ఇవ్వడంలో సత్యవేణికి అవసరానికి మించిన ఉత్సాహం ఉండేదని నా అనుమానం. నాకేం నొప్పి లేదు. ఇంకా గట్టిగా కొట్టమ్మా అనుకునేదాన్ని.

జాకెట్ల పని ముగించుకుని రోజూ వచ్చేది. వేళ్ళకి సూది గుచ్చుకున్న గంట్లు నాకు తగిలేవి. మొదట్లో పేరు చదివి కొట్టేది. తర్వాత పేరు చూసి కొట్టేది. దసరా దాటాక ఎటో చూస్తూ మొగుడితో మాట్లాడుతూ కొట్టేది. చెమటకీ ఒరిపిడికీ నూకరాజు రంగు లేవడం మొదలెట్టింది. అందరికంటే ముందు పోయింది అధ్యక్షుల వారు. పొడుగ్గా పడుకున్నారు కదా, ప్రతి మాటకీ ఆయన మీద బొటనవేలు పడింది. వెనకే మాజీ సర్పంచి పోయాడు. తర్వాత నడివీధి ఖాళీ అయింది, ఆనక గట్టు, ఆఖర్న రేవు. కార్తీకమాసం వెళ్ళేసరికి నేను మళ్ళీ బోడిమొహంతో మిగిలాను. ఈసారి సిగ్గు పడలేదు. ఆ పేర్లన్నీ ఆవిడ వేళ్ళలోకి ఎక్కిపోయాయని నాకు తెలుసు.

పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం సత్యవేణి తిన్నగా నా దగ్గరికే వచ్చింది. వెనకాలే మొగుడు. "అక్కడి కీబోర్డు మీద అక్షరాలు నిగనిగలాడిపోతున్నాయి మాఁవా. సూసి కంగారడిపోయాను. ఏది ఎవరో తెలీలేదు! కళ్ళు మూసుకుని మనూరోళ్ళని తల్చుకున్నాక గానీ చెయ్యి ఆడలేదు" అంది. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. ఉద్యోగం వచ్చింది. కుట్టుమిషను ఇంట్లోనే ఉండిపోయింది. నేను కీబోర్డునైనందుకు గర్వపడిన రోజు నా జీవితంలో అదొక్కటే.

ఊరుకుంటే ఊరెలా అవుతుంది? ఆ ఉద్యోగం ఎవరివల్ల వచ్చిందో లోకానికి చాటాలని కమిటీ వార్షికోత్సవం పెట్టింది. ముఖ్య అతిథి డైరీ మేనేజరు. వేదిక మీద సత్యవేణికి కుర్చీ, ఏడుకొండలికి కింద ముందు వరసలో కుర్చీ. నన్ను వెండిపళ్ళెంలో పెట్టి, పట్టుగుడ్డ కప్పి తెచ్చారు. సూర్యభాస్కరరావు గారు మైకు పట్టుకుని దానగుణం గురించి గంటసేపు ఊదరగొట్టారు. "ఈ ఆడపడుచు జీవితంలో వెలుగు నింపిన మహాదాతల పేర్లు మీరే చదవండి సార్" అని గుడ్డ లాగారు.

మేనేజరు కళ్ళజోడు సవరించుకున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. నా మీద ఒక్క పేరూ కనపడలేదు. అధ్యక్షుల వారి చేతిలో పట్టుగుడ్డ అలాగే ఉండిపోయింది. ఆయన కళ్ళు స్పేసు బారు మీద తమ పేరు వెతుక్కోవడం నేను దగ్గర్నుంచి చూశాను.

ఇంతలో మేనేజరు మొహం వెలిగింది. పైవరస మూలన, కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోతూ, ఒకే ఒక్క పేరుంది. పైకి చదివాడు. "గన్నేశ్వరరావు గారు! ఓహో, ఈయనేనన్నమాట అసలు దాత. ఏరీ వారు?"

ఆయన పైసా ఇవ్వలేదని ఆ హాల్లో తెలియనివాడు మేనేజరొక్కడే. ఒక్కరూ నోరు మెదపలేదు. సభామర్యాద కదా! గన్నేశ్వరరావు గారు మాత్రం పిలిస్తే పలకడం మర్యాదని లేచి, మెట్లెక్కి, మెడ వంచారు. శాలువా పడింది. "ఏదో నా చేతనైనంత" అన్నారు మైకులో. చేతనైనంతే ఇచ్చారు, అబద్ధం లేదు.

కింద ఏడుకొండలు తన తుంటి వంక చూసుకున్నాడు. సత్యవేణి అది చూసింది. ఆవిణ్ణి రెండు ముక్కలు మాట్లాడమన్నారు. లేచి మైకు దగ్గరికొచ్చింది.

"అందరికీ నమస్కారమండి. పేర్లన్నీ చెరిపేసింది నేనేనండి, క్షమించండి. ఆళ్ళందరి మీదా వేలెట్టకపోతే నాకు ఒక్క ముక్క వచ్చేది కాదండి. అరిగిపోయినోళ్ళందరూ నాకు సాయం చేసినోళ్ళే. గన్నేశ్వరరావు గారి పేరు అలాగే ఉందంటే, ఇంత నేర్చుకున్నా, పరీక్ష రాసినా, ఉద్యోగం చేస్తున్నా, ఆయనతో నాకు ఒక్కరోజు కూడా పని పడలేదండి. అంతేనండి."

ముందు చప్పట్లు కొట్టింది గన్నేశ్వరరావు గారే, శాలువా జారకుండా పట్టుకుని. తనని పొగుడుతోందనుకున్నారు. ఆ చప్పట్లు ఒంటరిగా నాలుగు మోగాక వెనక బెంచీ పగలబడి నవ్వింది. తర్వాత హాలంతా. చంకకర్ర నేలకేసి కొడుతూ ఏడుకొండలు నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. మేనేజరుకి ఏం అర్థమైందో గానీ, అతనూ నవ్వాడు. చప్పట్లు ఆపేసింది కూడా అందరికంటే ముందు గన్నేశ్వరరావు గారే.

ఇప్పుడు నేను అల్మరా మీదుంటున్నాను. కింద నా చోట్లో కొత్త కీబోర్డు ఉంది. సత్యవేణి మొదటి జీతంలో కొన్నది. ఏం పేరు రాయించమంటావమ్మా అని కమిటీ అడిగితే, అక్షరాలున్నాయి కదండీ, చాలు అందట. పేరు లేని దానం దానమేనా అని అధ్యక్షుల వారు ఇంకా బాధపడుతూనే ఉన్నారు. దాని మీద కప్పడానికి ఒక ప్లాస్టిక్ కవరు తెప్పించారు. కవరు మీద ఎవరి పేరుందో మీకు చెప్పక్కర్లేదు. ఊళ్ళో ఆడపిల్లలు వచ్చి, కవరు తీసి బెంచీ కింద పడేసి, టకటకా నేర్చుకుంటున్నారు. ఆ చప్పుడు వింటూ పడుకుంటాను. హాయిగా ఉంటుంది.

ఒక్క మనిషి మాత్రం నన్ను మర్చిపోలేదు. ఎవరూ లేని మధ్యాహ్నం పూట గన్నేశ్వరరావు గారు వస్తారు. స్టూలెక్కి, నన్ను చేతుల్లోకి తీసుకుని, తన పేరు మీద దుమ్ము పడిందేమోనని కండువా కొసతో తుడుచుకుంటారు. ఉమ్మి తడి చేసి మరీ తుడుస్తారు. నెలల తరబడి అదే పని. మొన్న వచ్చినప్పుడు ఇంటిపేరు ఆయన కండువాకి అంటుకుంది. చూపు ఆనదు కాబట్టి ఆయనకి తెలియలేదు. మురికి ఇంకా పోలేదనుకుని ఇంకొంచెం గట్టిగా రుద్దారు.